గ్రామమున సెల్ టవరు: చోటు నిర్ణయించు మాట ఎవరిది?

(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ఉపన్యాస పాఠము)



ఒక గ్రామమున గ్రంథాలయము స్థాపించుట కష్టము. స్థాపించినదానిని ఇరువదియైదు సంవత్సరములు ప్రతిదినము తలుపు తీసి, దీపము పెట్టి, నిలుపుకొనుట అంతకంటె కష్టము. ఆ పని చేసినవారందరికిని ముందుగా నా వందనములు. ఇట్టి ఉత్సవములందు గ్రంథాలయోద్యమ పితామహులైన అయ్యంకి వెంకటరమణయ్యగారిని స్మరించుట మన ఆచారము. 1914లో ఆంధ్రదేశ గ్రంథాలయముల ప్రతినిధులు బెజవాడలో సమావేశమైన నాటినుండియు ఆ ఉద్యమమున ఒక భావము స్థిరముగా నున్నది. గ్రంథాలయమనగా పుస్తకములు దాచు కొట్టు కాదు; ఊరు తన మంచిచెడ్డలను తెలిసికొని ఆలోచించుకొను చావడి.

ఆ భావమును అనుసరించియే కాబోలు, కార్యవర్గమువారు నన్ను నేడు కావ్యములను గూర్చిగాని పురాణములను గూర్చిగాని మాటలాడుమని కోరలేదు. ఆరు మాసములుగా ఈ ఊరిలో ఏ నలుగురు చేరినను వినవచ్చుచున్న సంగతిని గూర్చియే మాటలాడుమనిరి. అది సెల్ టవరు సంగతి. ఒక కంపెనీవారు టవరు నిలుపుటకు స్థలము వెదకుచున్నారు. మూడు చోట్లు మాటకు వచ్చినవి. బడికి ఎదురుగానున్న ఒక డాబా మొదటిది. ఊరి వెలుపలనున్న పంచాయతీ స్థలము రెండవది. ఈ గ్రంథాలయము వెనుకనున్న ఖాళీ దొడ్డి మూడవది. టవరు వలెనని కొందరు, వలదని కొందరు, వచ్చినచో అద్దె గ్రంథాలయమునకే రావలెనని కొందరు పట్టుపట్టియున్నారు. పక్కపక్క ఇండ్లవారు మాటలు మానుకొన్నారని కూడ విన్నాను. కనుక దీనిని నిదానముగా విచారింపవలసియున్నది.

టవరుతో మనకేమి పని యని ముందు చూతము. మన దేశమున మొదటి సెల్ ఫోను సంభాషణ 1995 జూలై 31న జరిగినది. నాడది ధనవంతుల వేడుక. నేడు రైతునకు ధర తెలియుట, కూలివానికి కూలి బ్యాంకు ఖాతాలో పడినట్లు తెలియుట, గర్భిణికి 108 బండి వచ్చుట, అన్నియు ఆ చిన్న యంత్రము మీదనే ఆధారపడియున్నవి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను విశాఖపట్టణము వద్ద తీరము దాటినప్పుడు సెల్ ఫోనులు మూగవోయి, ఎవరు బ్రతికియున్నారో ఎవరికి సాయము వలెనో తెలియక జనులు పడిన ఆరాటము మనకు గుర్తున్నది. 2020లో బడులు మూతపడి పాఠములు ఫోనులోనికి వచ్చినప్పుడు, సంకేతము అందని ఊళ్లలో పిల్లలు గుట్టలెక్కియు చెట్లెక్కియు చదువుకొనిరి. ఇట్లు సేవ అందని గ్రామములు దేశమున ఇంకను 24,680 కలవని గుర్తించి, వానికి 4జి సేవ కల్పించుటకై కేంద్ర మంత్రివర్గము 2022 జూలైలో 26,316 కోట్ల రూపాయల పథకమును ఆమోదించినది. కావున టవరు వలదను మాటను తేలికగా అనరాదు. టవరు లేమికి మూల్యము చెల్లించువాడు తరచుగా బీదవాడే.

అట్లని ఏ చోటనైనను నిలుపుకొనుడని చేతులు కట్టుకొని కూర్చుండుటయు తగదు. గ్రామములలో నేలమీద నిలుపు టవరు తరచుగా 40 మీటర్లు, అంతకు మించిన ఎత్తు కూడ ఉండును. దానికి లోతైన పునాది వలెను. పిడుగుపాటునుండి కాపాడు కడ్డీ వలెను. కరెంటు పోయినప్పుడు బ్యాటరీలు, పలుచోట్ల డీజిలు జనరేటరు వలెను. డాబా మీద నిలుపునట్టిదైనచో ఆ ఇంటి గోడలు, స్తంభములు దాని బరువును, గాలి ఒత్తిడిని మోయగలవా యని ఇంజనీరు తేల్చవలెను. గాలివాన నాడు కూలినచో ఎవరి మీద కూలును, జనరేటరు చప్పుడు ఏ పసిబిడ్డ నిద్రను చెడగొట్టును, డీజిలు పొగ ఎవరి కిటికీలోనికి పోవును, ఇవి చదువురానివారు సైతము అడుగదగిన ప్రశ్నలు. ఆశ్చర్యమేమనగా, ఆరు మాసములుగా ఈ ప్రశ్నలు అడిగినవారు తక్కువ. అందరును అడుగుచున్నది కిరణములను గూర్చియే.

ఆ భయమును నేను ఎగతాళి చేయను. కంటికి కానరానిదానికి భయపడుట మనుష్య స్వభావము. కాని భయమును కొలతతో పోల్చి చూచుకొనవలెను. టవరునుండి వచ్చునవి రేడియో తరంగములు. ఎక్స్‌రే కిరణములవలె అణువులను చీల్చు శక్తి వానికి లేదు. వాని ప్రభావమని నిశ్చయముగా తెలిసినది కొలది వేడిమి. దూరము రెట్టింపైనచో వాని తీవ్రత నాలుగవ వంతునకు తగ్గును. అంతేకాక యాంటెన్నా తరంగములను దాదాపు అడ్డముగా, కొంచెము దిగువకు వంచి, దూరమునకు పంపును గాని నిలువున క్రిందికి కుమ్మరించదు. అందుచేత టవరు మొదట నిలిచినవానికంటె కొంత దూరమున, యాంటెన్నాకు సూటిగా, అంతే ఎత్తున గల మేడమీద నిలిచినవానిని అవి ఎక్కువగా తాకవచ్చును. టవరు మిక్కిలి దూరమైనచో చేతిలోని ఫోను అంత గట్టిగా కేకవేయవలసి వచ్చును. ఆ కేక మన చెవి ప్రక్కననే పుట్టును. ఈ సంగతి చాలమందికి తెలియదు.

అంతర్జాతీయముగా అంగీకరింపబడిన పరిమితి 900 మెగాహెర్ట్జుల తరంగములకు చదరపు మీటరునకు 4.5 వాట్లు. మన దేశమువారు 2012 సెప్టెంబరు 1 నుండి దానిని పదవ వంతునకు, అనగా 0.45 వాట్లకు, తగ్గించి అమలుపరచిరి. 2011 మే మాసమున ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సరు పరిశోధన సంస్థవారు రేడియో తరంగములను ‘క్యాన్సరు కలిగించు అవకాశము ఉండవచ్చును’ అను వర్గమున చేర్చిన మాట నిజమే. అయితే ఆ నిర్ణయమునకు ముఖ్యాధారము, తలకు ఆనించి ఫోనును విస్తారముగా వాడినవారిని గూర్చిన పరిమితమైన సాక్ష్యము. అది నిరూపణము కాదు, నిరపాయమను హామీయు కాదు. ఇంకను పరిశోధింపవలెనను హెచ్చరిక. అనుమానమున్నవారు ఊరక బెంగపడక, నియమము పాటింపబడుచున్నదో లేదో కొలిపింపవచ్చును. 2017లో ప్రారంభమైన ‘తరంగ్ సంచార్’ అను ప్రభుత్వ ఏర్పాటు ద్వారా సమీపమందలి టవర్ల వివరములు చూచుటకును, రుసుము చెల్లించి కొలత కోరుటకును వీలు కల్పింపబడినది.

ఇక అసలు ప్రశ్న. చోటు నిర్ణయించు మాట ఎవరిది? మన రాజ్యాంగమును తెరచి చూడుడు. తంతి, టెలిఫోను, వైర్‌లెస్ మొదలగునవి కేంద్ర జాబితాలో 31వ అంశము. స్థానిక స్వపరిపాలనము రాష్ట్ర జాబితాలో 5వ అంశము. 1993లో అమలులోనికి వచ్చిన 73వ సవరణ గ్రామ పంచాయతీలకు రాజ్యాంగ స్థానమునిచ్చి, వానికి అప్పగింపదగిన 29 విషయములను పదునొకండవ షెడ్యూలులో చేర్చినది. అందు గ్రంథాలయములు 20వ అంశమై యున్నవి, టెలిఫోను కానరాదు. అనగా తరంగము ఢిల్లీది, తరంగమును మోయు ఇనుము నిలుచు నేల మనది. ఈ రెంటి నడుమనే తగవంతయు పుట్టుచున్నది.

ఈ తగవు నేటిది కాదు. 1885 నాటి తంతి చట్టమే, స్థానిక సంస్థకు చెందిన ఆస్తిలో స్తంభము పాతుటకు ఆ సంస్థ అనుమతి వలెనని చెప్పినది. న్యాయమైన షరతులు విధించు అధికారమును దానికిచ్చినది. సెల్ టవర్లు వచ్చిన పిదప ఒక్కొక్క రాష్ట్రము, ఒక్కొక్క పట్టణము ఒక్కొక్క విధమైన నియమములు చేసికొనినవి. 2012 నవంబరులో రాజస్థాన్ హైకోర్టువారు బడులు, ఆసుపత్రులు, ఆటస్థలములందలి టవర్లను తొలగింపుడని ఆజ్ఞాపించిరి. 2013 ఆగస్టులో కేంద్ర టెలికాం శాఖవారు, తరంగముల పరిమితి పాటింపబడుచుండగా చోటును బట్టి నిషేధము అనవసరమను దృష్టితో రాష్ట్రములకు మార్గదర్శకములు పంపిరి. ఒకే దేశమున రెండు చూపులు!

ఈ చిక్కును తీర్చుటకు 2016 నవంబరులో దారి హక్కు నియమములు వెలువడినవి. వాని సారము మనము కంఠస్థము చేయదగినది. ఆ నియమముల ప్రకారము దరఖాస్తు అందిన 60 దినములలో స్థానికాధికారి నిర్ణయము చెప్పవలసియుండెను. తిరస్కరించునెడల కారణములను వ్రాతమూలమున తెలుపవలెను. దానికి ముందు దరఖాస్తుదారుని మాట వినవలెను. ఏమియు చెప్పక ఊరకున్నచో అనుమతి ఇచ్చినట్లే భావింపబడును. 2022 ఆగస్టు సవరణతో, ప్రైవేటు ఆస్తిమీద నిలుపు టవరునకు స్థానికాధికారి అనుమతియే అవసరము లేకపోయినది. భవనము మీద నిలుపునప్పుడు ముందుగా వ్రాతపూర్వకముగా తెలియజేసి, ఇంజనీరు ధ్రువపత్రమును జతచేయవలెనని మాత్రము ఉంచిరి. తరువాత 1885 చట్టము స్థానమున 2023 టెలికమ్యూనికేషన్ల చట్టము వచ్చినది. దాని ననుసరించిన దారి హక్కు నియమములు 2025 జనవరి 1 నుండి అమలులోనికి వచ్చినవి. ఈ చట్టము ప్రకారము ప్రభుత్వ సంస్థగాని స్థానిక సంస్థగాని న్యాయమైన కారణమును వ్రాతలో ఉంచక దరఖాస్తును త్రోసివేయరాదు.

పన్ను సంగతియు ఇట్టిదే. మొబైల్ టవరుపై పన్ను వేయు అధికారము రాష్ట్రములకు కలదని సుప్రీంకోర్టువారు 2016 డిసెంబరు 16న తీర్పు చెప్పిరి. కాని 2023 చట్టము, టెలికాం సాధన సామగ్రి అది నిలిచిన ఆస్తిలో భాగము కాదనియు, ఆస్తిపన్ను విషయమున సైతము దానిని వేరుగా చూడవలెననియు చెప్పినది. కావున టవరు వచ్చినచో పంచాయతీకి పన్నుల పంట పండునని ఎవరైన చెప్పినచో తొందరపడి నమ్మవలదు.

ఇంత చెప్పిన పిమ్మట, ‘అయ్యా, ఇక మన పంచాయతీకి మిగిలినదేమి?’ అని మీరడుగవచ్చును. మిగిలినది ఒకటి కలదు. అది చిన్నది కాదు. అది కారణము చెప్పు హక్కు. దాని విలువ తెలియవలెనన్నచో అమెరికాలో జరిగిన ఒక వ్యాజ్యమును చెప్పవలసియున్నది.

ఏ స్థలమును దేనికి వాడవలెనను నియమమును వారు జోనింగు అందురు. 1916లో న్యూయార్కు నగరము మొత్తమునకు అట్టి నియమావళి ఏర్పడినది. 1926లో ఆ దేశపు సుప్రీంకోర్టు ఊళ్లకు ఆ అధికారము కలదని ఒప్పుకొన్నది. సెల్ టవర్లు వచ్చిన పిదప 1996లో వారు ఒక చట్టము చేసిరి. చోటును నిర్ణయించు అధికారము ఊరిదే. కాని సేవయే లేకుండ నిషేధింపరాదు. ఒక కంపెనీకి ఒక నీతి, వేరొకదానికి వేరొక నీతి పనికిరాదు. తరంగములు కేంద్ర పరిమితికి లోబడియున్నప్పుడు వానిని సాకుగా చూపి కాదనరాదు. కాదనినచో వ్రాతలో, తగిన సాక్ష్యముతో కాదనవలెను. కష్టపడిన కంపెనీ 30 దినములలో కోర్టుకు పోవచ్చును.

జార్జియా రాష్ట్రమున రోజ్‌వెల్ అను ఊరు కలదు. అచ్చట ఇండ్ల నడుమ ఖాళీస్థలమున 108 అడుగుల టవరును, దేవదారు జాతి చెట్టువలె కనబడునట్లు వేషము వేసి నిలుపుదుమని ఒక కంపెనీ అడిగినది. 2010 ఏప్రిల్‌లో ఊరి సభ విచారణ జరిపి, ఇనుప చెట్టు మాకు వలదని తీర్మానించెను. రెండు దినముల పిదప, మీ దరఖాస్తు త్రోసివేయబడినదని ఉత్తరము వ్రాసిరి. అందు కారణము లేదు. కారణములు సభ కార్యవాహిలో చూచుకొనవచ్చునన్నారు. ఆ కార్యవాహి సిద్ధమగునప్పటికి ఉత్తరము వ్రాసి 26 దినములైనది. కోర్టునకు పోవుటకు మిగిలినవి నాలుగు దినములు. 2015 జనవరి 14న సుప్రీంకోర్టువారు తీర్పు చెప్పుచు, కారణములు ఉత్తరములోనే ఉండనక్కరలేదు గాని, ఉత్తరముతోపాటు ఇంచుమించు అదే సమయమున అందవలెననిరి. ఊరు ఓడిపోయెను. ఊరివారికి కారణములు లేకపోలేదు. వానిని సకాలమున కాగితము మీద అందింపక ఓడిరి.

మన నియమము ఒకటన్నను, వారి నియమము మరియొకటన్నను, నీతి ఒక్కటే. కోపము కారణము కాదు. కేకలు సాక్ష్యము కావు. గ్రామసభలో చేతులెత్తి వలదనినంత మాత్రమున చాలదు. ఎందుకు వలదో, ఎచ్చట వలెనో వ్రాయవలెను. ‘కిరణములు వచ్చును’ అని వ్రాసిన తీర్మానము నిలువదు. ‘ఈ డాబా గోడలు పాతవి, ఇంజనీరు ధ్రువపత్రము చూపలేదు, బడికిని దీనికిని నడుమ వీథి మాత్రమే కలదు, కూలినచో పిల్లలు తిరుగు దారిమీద కూలును, జనరేటరు పెట్టుటకు ఎడము లేదు, ఊరి వెలుపల పంచాయతీ స్థలము ఇంత విస్తీర్ణము ఇచ్చుటకు మేము సిద్ధము’ అని వ్రాసిన తీర్మానమును త్రోసివేయుట సులభము కాదు. ప్రైవేటు డాబా విషయమున పంచాయతీకి అనుమతి అధికారము లేకున్నను, ధ్రువపత్రము ఏదని అడుగుటకు, కంపెనీకి మేలైన చోటు చూపుటకు, జిల్లా అధికారులకు విన్నవించుటకు ఎవరును అడ్డురారు. మేలైన చోటు చూపి కాదనువానికి గల బలము, ఊరక కాదనువానికి లేదు.

నా అభిప్రాయమును దాచను. మూడు చోట్లలో పంచాయతీ స్థలమే తగినదని నేను తలచుచున్నాను. అచ్చట కూలినను ఎవరి ఇంటి మీదను కూలదు. చప్పుడు ఎవరిని బాధింపదు. రేపు రెండవ కంపెనీ వచ్చినచో అదే స్తంభముమీద తన యాంటెన్నా నిలుపుకొనవచ్చును, మరియొక టవరుతో పని లేదు. షరతులు మాత్రము ముందే వ్రాసికొనవలెను: జనరేటరు ఏ దిక్కున నుండవలెను, చుట్టు కంచె ఎవరు వేయవలెను, సేవ మానినచో ఇనుమును, పునాదిని ఎన్నాళ్లలో తొలగింపవలెను.

ఇక గ్రంథాలయపు దొడ్డి మాట. అద్దె వచ్చినచో క్రొత్త పుస్తకములు కొనవచ్చును, పైకప్పు బాగుచేయించవచ్చును. ఈ ఆలోచన చేసినవారు గ్రంథాలయము మేలు కోరియే చేసిరి, వారిని నిందింపరాదు. అయినను వలదని నా మనవి. చదువుకొనుచోట జనరేటరు చప్పుడు తగదనుట ఒక కారణము. ఆ దొడ్డియే రేపు పిల్లల చదువు గదికి మిగిలిన స్థలమనుట రెండవ కారణము. మూడవది అన్నిటికంటె ముఖ్యము. ఈ తగవునకు సంబంధించిన కాగితములు ఊరివారందరు వచ్చి చదువుకొనుటకు ఒక బల్ల వలెను. ఆ బల్ల ఈ గ్రంథాలయమునదే కావలెను. అద్దె పుచ్చుకొను గ్రంథాలయము ఆ బల్ల వేయజాలదు. వేసినను ఎవరును నమ్మరు. ఇరువదియైదు సంవత్సరములలో సంపాదించిన నమ్మకమును నెలసరి అద్దెకు ఇచ్చుకొనుట లాభసాటి బేరము కాదు.

మరియొక హెచ్చరిక. మీ పొలములో టవరు పెట్టెదము, లక్షల అద్దె, ఇంటికొక ఉద్యోగము అని చెప్పి, ముందుగా రుసుము కట్టుమను ప్రకటనలు, ఫోను సందేశములు వచ్చుచుండును. ప్రభుత్వ ముద్రలు, ట్రాయ్ పేరిట పత్రములు కూడ చూపుదురు. టవరు నిలుపుటకు స్థలము గలవానినుండి ట్రాయ్‌గాని టెలికాం శాఖగాని రుసుము వసూలు చేయదని వారే పలుమారులు ప్రకటించియున్నారు. టవరు పెట్టువాడు మనకు అద్దె ఇచ్చును గాని మననుండి సొమ్ము అడుగడు. ముందుగా కట్టుమనువాడు మోసగాడని మీ ఇంటివారికందరికిని చెప్పుడు.

కార్యవర్గమువారికి నా విన్నపము ఇది. రేపటినుండి ఈ గదిలో ఒక బల్ల ప్రత్యేకించుడు. కంపెనీ దరఖాస్తు ప్రతి, స్థలపు పటము, దారి హక్కు నియమముల తెలుగు సారము, గ్రామసభ తీర్మానముల పుస్తకము దానిమీద ఉంచుడు. చదువువచ్చినవారు రానివారికి చదివి వినిపింపుడు. ప్రతి ఇంటివారు తమ అభ్యంతరమునో సమ్మతినో ఒక కాగితము మీద కారణముతో సహా వ్రాసి, తేదీ వేసి, సంతకమో వేలిముద్రయో పెట్టి అచ్చట ఉంచుడు. గ్రామసభ నాటికి సర్పంచిగారి చేతిలో కేకలు గాక కాగితములు ఉండవలెను. దినములు లెక్కకు వచ్చుచున్నవి గనుక ఈ పని పండుగ పిదప చేయుదమని వాయిదా వేయవలదు.

టవరు వచ్చినను రాకున్నను, పక్కయింటివారితో మనము మాటలాడుకొనక తప్పదు. ఆ మాట కారణముతో కూడినదై, ఎదుటివాని కారణమును చదివిన పిదప పలికినదై యుండవలెనని కోరుచు, ఈ గ్రంథాలయము శతవార్షికోత్సవము కూడ చూడవలెనని ఆకాంక్షించుచున్నాను.